ఫ్లోరెన్స్ సిస్టర్ కొనుక్కున్న ఇల్లు

ఫ్లోరెన్స్ సిస్టర్ పుట్టింది మిషన్ ఆసుపత్రి క్వార్టర్లో. వాళ్ళ నాన్న దైవాధీనం గారు అక్కడ కాంపౌండరు. ఆయన గుండె ఆగి పోయిన నెలకే క్వార్టరు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. అప్పటికి సిస్టర్‌కి పంతొమ్మిదేళ్ళు, తమ్ముడు నతానియేల్‌కి పదకొండు. సామాన్లు బయట పెట్టుకుని వ్యాను కోసం చూస్తుంటే వాన మొదలైందట.

"ట్రంకుపెట్టె తడిసిపోతుందని దాని మీద గొడుగు పట్టాం సిల్వియా. మా అమ్మకి పట్టాలని ఇద్దరికీ తోచలేదు" అని నాతో ఒకసారి అంది.

ఆ తర్వాత నర్సింగ్ చదివి, అరకు దాటాక హుకుంపేట వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో చేరింది. అక్కడా క్వార్టరే. రెండు గదులు, రేకు కప్పు, వెనకాల సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ మొక్కలు. నేను జూనియర్ నర్సుగా అక్కడికి వెళ్ళేసరికి ఆమె ఆ క్వార్టర్లో ఒంటరిగా లేదు. చిన్నమ్మలు ఉంది.

చిన్నమ్మలుది సాలూరు దగ్గర పల్లెటూరు. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంట్లో వాళ్ళకి ఇష్టంలేని పెళ్ళి చేసుకుని, మొగుడితో రోడ్డు పనికి కొండ మీదికి వచ్చింది. నొప్పులొస్తే ఇదే ఆసుపత్రిలో చేర్చారు. బిడ్డ దక్కలేదు. డబ్బు తెస్తానని వెళ్ళిన మొగుడు మళ్ళీ రాలేదు. కబురు పెడితే పుట్టింటివాళ్ళూ రాలేదు. డిశ్చార్జి చేసిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుందట. డ్యూటీ దిగి వస్తున్న ఫ్లోరెన్స్ సిస్టర్ చూసి, "ఈ పూటకి నా గదిలో పడుకో. రేపు చూద్దాం" అంది.

ఆ రేపు ఇరవై రెండేళ్ళకి గానీ రాలేదు.

చిన్నమ్మలు మొదట ఆసుపత్రి వంటింట్లో సాయం చేసింది. తర్వాత గేటు పక్కన నాలుగు కర్రలు పాతి టిఫిను కొట్టు పెట్టింది. ఇడ్లీ, ఉప్మా, ఎండాకాలం రాగి అంబలి. ఎక్కడెక్కడి కొండల మీంచో రోగుల్ని మోసుకొచ్చిన మనుషులు ముందు ఆమె కొట్టు దగ్గరే కూలబడేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఒడియా వచ్చేసింది, కొండవాళ్ళు మాట్లాడే కువి భాష కూడా కొంత వచ్చింది. వార్డులో ఎవరి మాటైనా మాకు అర్థం కాకపోతే, గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చి చెప్పేది. డాక్టరు గారు నవ్వేవారు.

క్వార్టర్లో ఒకే అల్మరా. పై అర బైబిలుది, కింది అర పైడితల్లమ్మ పటానిది. అందుకు వాళ్ళ మధ్య ఒక్కనాడూ మాట రాలేదు. తగువంతా రాత్రి కిటికీ మూయాలా తెరవాలా అన్నదాని మీదే. చలికాలం వస్తే ఆ తగువు మాకు పక్క క్వార్టరు దాకా వినిపించేది. ఎన్నేళ్ళున్నా చిన్నమ్మలు ఆమెని పేరు పెట్టి పిలవలేదు. "సిస్టరమ్మా" అనేది. కానీ "నువ్వు" అనేది.

రెండేళ్ళ క్రితం కొండ మీది ఆసుపత్రి మూసేస్తున్నామని సంస్థవాళ్ళు చెప్పారు. ఎండాకాలం దాటాక సిబ్బందిని సాలూరులో ఉన్న తమ ఇంకో ఆసుపత్రికి మారుస్తామన్నారు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. క్వార్టర్లు మాత్రం అక్కడ లేవు.

మా వాచ్‌మన్ మంగ్లు ఆ మాట విని సిస్టర్ దగ్గరికి వచ్చాడు. "ఎందుకు దిగిపోవడం? నా మెట్ట ఉంది కదా. రెండు గదులు వేసుకోండి" అన్నాడు.

"నీ భూమి మేం తీసుకోకూడదు మంగ్లూ. చట్టం ఒప్పదు. ఒప్పకపోవడమే మంచిది" అంది సిస్టర్. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదు. ఆ భూమిని బయటివాళ్ళకి వేలం వెయ్యలేరు కాబట్టి, సొంత ఇల్లు కట్టుకుంటానని మంగ్లు వెళ్ళినా బ్యాంకులు ముందుకు రావు. అతని మట్టిల్లు అతని తాత కట్టిందే.

సాలూరులో అద్దెకి మూడిళ్ళు చూశారు. మూడు చోట్లా ఇంటివాళ్ళు ఒకటే అడిగారు, మీరిద్దరూ ఏమవుతారని. మూడో ఇంటి నుంచి వస్తూ సిస్టర్ రోడ్డు మీదే ఆగిపోయింది.

"ఇంక అద్దె వద్దు. నాకు నలభై తొమ్మిది వచ్చాయి. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు ఖాళీ చెయ్యమంటే చేసే ఇళ్ళల్లోనే ఉన్నాను. ఒక ఇల్లు కొందాం" అంది.

"కొందామంటే కొందాం. నా సీటీపాట డబ్బులున్నాయి" అంది చిన్నమ్మలు, గోంగూర కట్ట కొందామన్నంత తేలిగ్గా.

లారీల షెడ్లకి వెనక వీధిలో ఇల్లు దొరికింది. నూకరత్నం అనే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ అమ్ముతోంది. రెండు గదులు, వంటిల్లు, వీధిలోకి అరుగు. అరుగు చూడగానే చిన్నమ్మలు దాని మీద కూర్చుని, కుడివైపు పొయ్యి, ఎడమవైపు గిన్నెలు అని చేత్తో గీసేసింది. పొద్దున్నే షెడ్లకి వెళ్ళే పనివాళ్ళు ఆ వీధిలోంచే నడుస్తారు. ఆ అరుగు కోసమే ఆ ఇల్లు నచ్చింది వాళ్ళకి. లేకపోతే వంటింట్లో వెలుతురు లేదు, నీళ్ళు రోజు విడిచి రోజు.

ధర పద్దెనిమిది లక్షలు. బ్యాంకులో ఫీల్డాఫీసరు అప్పారావు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నారు.

"సిస్టర్ గారి జీతం ఒక్కటే చూస్తే చాలదమ్మా. ఇద్దరూ కలిపి పెట్టండి. కొట్టు ఆదాయం నేనే వచ్చి చూసి రాసుకుంటాను."

అన్నట్టుగానే ఒక రోజు కొండెక్కి వచ్చి, ఏడు నుంచి పది దాకా కొట్టు బల్ల మీద కూర్చుని ఎన్ని ప్లేట్లు వెళ్ళాయో లెక్కపెట్టారు. నాలుగు ఇడ్లీలు తిని, డబ్బులు బలవంతంగా ఇచ్చి వెళ్ళారు. ఆ ధైర్యంతో మార్చిలో నూకరత్నం గారికి రెండు లక్షలు బయానా ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం చిన్నమ్మలుదే. జూన్ ఆఖరులోగా రిజిస్ట్రేషన్ అవ్వాలి, లేకపోతే బయానా పోయినట్టే అని కాగితం రాసుకున్నారు.

ఏప్రిల్‌లో అప్పారావు గారు రిటైరయ్యారు. అదే నెలలో హెడ్డాఫీసు నుంచి కొత్త రూల్స్ వచ్చాయి.

ఫారాలు నింపడానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. మేనేజరు గాయత్రి గారు చిన్న వయసు మనిషి. కాగితాలన్నీ చదివి, నేను ఖాళీగా వదిలేసిన ఒక గడి మీద పెన్ను పెట్టింది.

"ఇక్కడ సంబంధం రాయలేదు. మీరిద్దరూ ఏమవుతారు?"

చిన్నమ్మలు నవ్వింది. "ఏటవుతామమ్మా? ఇరవై రెండేళ్ళయి ఒక్క పొయ్యి మీద వొండుకు తింటన్నాం."

"అది కాదమ్మా. అక్కచెల్లెళ్ళా? తల్లీకూతుళ్ళా?"

"కాదు" అంది సిస్టర్.

గాయత్రి గారు పెన్ను పక్కన పెట్టేసింది. చుట్టాలు కానివాళ్ళ ఆదాయం ఇప్పుడు కలపకూడదట. వ్యాపారమైతే రెండేళ్ళ ఇన్‌కంటాక్స్ కాగితాలు కావాలట. ఇదివరకు ఇంటి ధరలో పదిహేను శాతం చేతిది పెట్టుకుంటే సరిపోయేది, ఇప్పుడు ఇరవై అయిదు. జీతంలో సగం దాకా వాయిదాకి పోవచ్చు అనేవారు, ఇప్పుడు నలభై శాతం దాటకూడదు. సిస్టర్ అరవయ్యో ఏడు లోపల అప్పు మొత్తం తీరిపోవాలి. అన్నీ లెక్కేసి, "ఎనిమిది లక్షలు ఇవ్వగలం మేడమ్" అంది.

"అప్పారావు గారు కలిపి పెట్టొచ్చన్నారు. మేం బయానా ఇచ్చేశాం."

"ఆయన చెప్పింది అప్పటికి నిజమే. అప్లికేషన్ మార్చిలోపే మా దగ్గరికి వచ్చి ఉంటే నేనేమైనా చేసేదాన్ని." ఆమె గొంతు తగ్గించింది. "చాలామంది తాహతుకి మించి తీసుకుని, కట్టలేక ఇళ్ళు పోగొట్టుకున్నారు. మళ్ళీ అలా ఎవరూ మునిగిపోకూడదనే ఇవన్నీ పెట్టారు."

"మేం ములిగిపోకుండా నీటిలోకే దిగొద్దంటన్నారన్నమాట" అంది చిన్నమ్మలు. కోపంగా కాదు, అర్థమైందన్నట్టు.

గాయత్రి గారు లెక్క కాగితం మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత, "సిస్టర్ గారికి జీతం వచ్చే తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నాడు. నతానియేల్ పార్వతీపురంలో గవర్నమెంటు టీచరు. అతని బీఈడీ ఫీజులు సిస్టరే కట్టింది. సిస్టర్ పిలిస్తే ఆ ఆదివారం కొండ మీదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అతన్ని చెడ్డవాడని ఇప్పటికీ అనలేను.

"సంతకం పెడతానక్కా. ఈ పదకొండేళ్ళూ ఆ అప్పు నా పేరు మీద కూడా కనిపిస్తుంది. రేపు మా గుంటడి చదువుకి లోను అడిగితే ఇదే అడ్డొస్తుంది. అయినా పెడతాను. బ్యాంకు వాళ్ళు ఇంటి కాగితాల్లో నా పేరు కూడా ఉండాలంటున్నారు, సరే. కానీ ఆవిడ ఆ ఇంట్లో ఉండకూడదు."

"ఎవరు?"

"అక్కా, కోప్పడకు. నీకేదైనా అయితే? ఆవిడ డబ్బు కూడా ఉందంటున్నావు. రేపు ఆవిడ తరఫున ఎవరో వచ్చి వాటా అంటే కోర్టుల చుట్టూ తిరగాల్సింది నేను. అసలు ఆవిడ మనకి ఏమవుతుంది?"

ఆ ప్రశ్న కొద్ది నెలల్లోనే అయిదోసారి వింది సిస్టర్. "అయితే వద్దులే నాని. టీ తాగి వెళ్ళు" అంది.

చిన్నమ్మలు వంటగదిలో ఆ టీయే కాస్తోంది. రెండు గదుల ఇంట్లో వినపడకుండా ఉండే మాట ఏముంటుంది? గ్లాసు తెచ్చి నతానియేల్ చేతికిచ్చి, "పంచదార సరిపోయిందా బాబూ?" అని అడిగింది.

రెండు రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చింది. "సిస్టరమ్మ తమ్ముడి ఇల్లు పార్వతీపురంలో ఎక్కడే? ఓ కాయితం మీద రాసియ్యి. ఊరగాయ పంపుతానన్నాను."

రాసిచ్చాను. అబద్ధమని తెలియదా అని నన్ను నేనే చాలాసార్లు అడుగుతుంటాను. కొంచెం తెలుసు. అయినా రాసిచ్చాను. ఎలాగో ఒకలాగ ఆ ఇల్లు వాళ్ళకి దక్కితే బావుండునని ఉంది నాకు.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం చిన్నమ్మలు తన బట్టలు విడిగా మూట కడుతూ కనిపించింది. సిస్టర్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంటిది?"

"సీలేరు కాలనీలో కేంటీను పని ఉందంట. భోజనం, గది ఆళ్ళే ఇత్తారంట. ఒప్పీసుకున్నాను."

"సీలేరా? ఎందుకు?"

"సాలూరు నాను రాను. ఆ ఎండ నానోపలేను. కొండ మీద అలవాటైపోనాది."

"ఇన్నాళ్ళూ చెప్పకుండా ఇప్పుడా చెప్పడం? అరుగు మీద పొయ్యి ఎక్కడో కూడా గీశావు కదే!"

"గీసేను. అయితే ఏటి? మనసు మారకూడదా నాకు? నీ కూడా ఎంతకాలం ఉండాల? నాకూ ఓ బతుకుండదేటి?"

చిన్నమ్మలు అలా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మొహం చూపించకుండా, మూట ముడి మీద ముడి వేస్తూ అంది. సిస్టర్ తెల్లబోయింది. తర్వాత ఆమెకీ కోపం వచ్చింది. "వెళ్ళు. మెట్ల మీంచి తెచ్చుకున్నాను. నీ ఇష్టం వచ్చినచోటికి వెళ్ళు" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. ఆ క్షణాన మాత్రం అనేసింది.

చిన్నమ్మలు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోయింది. పెద్ద గిన్నెలు, గ్రైండరు మంగ్లు ఇంట్లో ఇచ్చేసింది. బయానాలో తన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు.

ఇంక వద్దనడానికి సిస్టర్‌కి కారణం మిగల్లేదు. వారం తిరక్కుండా నతానియేలే ఫోన్ చేశాడు. ఎనిమిది లక్షల చోట ఇద్దరి జీతాల మీద కావలసినంత అప్పు ఇచ్చారు, చేతి డబ్బులో తగ్గినది నతానియేల్ సర్దాడు. జూన్ ఇరవై ఆరున రిజిస్ట్రేషన్ అయ్యింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో తీసేటప్పుడు సిస్టర్ పక్కకి తిరిగి చూసింది. ఎవరికోసం చూసిందో నాకు తెలుసు.

ఆగస్టులో గృహప్రవేశ ప్రార్థన పెట్టారు. పాస్టరు గారు వెళ్ళాక అందరం భోజనాలు చేస్తున్నాం. నతానియేల్ మంచి ఉత్సాహంగా ఉన్నాడు. మాటల్లో మాటగా అనేశాడు.

"ఏమైనా ఆవిడ మంచి మనిషే అక్కా. మా ఇంటికి వచ్చి చెప్పినట్టే చేసింది."

"ఎవరు వచ్చారు?"

అప్పుడు గానీ అతనికి తెలియలేదు, అక్కకి తెలియదని. నీళ్ళు నమిలాడు. సిస్టర్ వదల్లేదు. చివరికి చెప్పాడు. చిన్నమ్మలు ఒక రోజు మధ్యాహ్నం ఊరగాయ సీసాతో వచ్చిందట. లోపలికి రమ్మన్నా రాలేదట. "నువ్వు సంతకం పెట్టు బాబూ. నాను ఆ ఇంట్లో కాలు పెట్టను, వాటా అడగను. మాటిత్తన్నాను. ఈ సంగతి మీ అక్కకి సెప్పకు" అందట.

సిస్టర్ తింటున్న విస్తరి మడిచి లేచిపోయింది. వంటింట్లోకి వెళితే వెనకే వెళ్ళాను. నీళ్ళ బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"అడ్రసు ఎవరిచ్చారు?"

"నేనే" అన్నాను.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒకే వార్డులో, ఒకే షిఫ్టులో చేస్తూ కూడా. పన్నెండో రోజు వచ్చి, "సీలేరు వెళ్తున్నాను. తోడొస్తావా?" అంది.

సాలూరు నుంచి సీలేరు అంటే దగ్గర కాదు. విశాఖ వెళ్ళి, నర్సీపట్నం మీదుగా చింతపల్లి ఘాట్ ఎక్కి, ఆ అడవంతా దాటాలి. తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రం నాలుగున్నరకి కాలనీలో దిగాం. వాన. జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసే కాంట్రాక్టు కూలీల కోసం పెట్టిన రేకుల షెడ్డే కేంటీను. చిన్నమ్మలు ఒక్కతే పెద్ద పెనం ముందు నిలబడి ఉంది. మూడు నెలల్లో చాలా చిక్కిపోయింది. మమ్మల్ని చూసి అట్లకాడ కింద పెట్టి, మళ్ళీ తీసి, మాడిపోతున్న అట్టు తిరగేసింది.

"ఇంత వోనలో ఎందుకొచ్చేవు సిస్టరమ్మా? కాళ్ళు తుడుసుకో."

"నీ మూట కట్టుకో. ఆరింటికి బస్సు ఉందట."

"ఏ మూట?"

"నాటకాలాడకు. నాని చెప్పేశాడు."

చిన్నమ్మలు పొయ్యి కట్టేసింది. మమ్మల్ని షెడ్డు వెనకాల తన గదికి తీసుకెళ్ళింది. మంచం, ఒక కిటికీ. సిస్టర్ మంచం మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. రోగులు పోతే మాకు ధైర్యం చెప్పే మనిషి.

"నేను నిన్ను ఎన్ని మాటలన్నాను... మెట్ల మీంచి తెచ్చానన్నాను."

"నిజిమే కదా. తెచ్చేవు కదా" అంది చిన్నమ్మలు. ఆమె వీపు మీద చెయ్యి వేసి రాసింది. "నాను అనిపించుకుందామనే అలగ మాటాడేను. అనకపోతే నువ్వు నన్నొదుల్తావేటి?"

"ఇప్పుడు వచ్చెయ్. నాని కూడా ఏమీ అనడు. సిగ్గుపడుతున్నాడు."

నిజమే. మేం బయల్దేరే ముందు నతానియేల్, అక్కడికి వెళ్ళాక చిన్నమ్మలుతో ఫోన్ కలపమని నాకు చెప్పాడు. అక్కడ సిగ్నల్ దొరికేసరికి చీకటి పడింది. అతను అన్నాడు, "మీరు రండమ్మా, నేను అన్నవన్నీ మర్చిపోండి" అని. చిన్నమ్మలు "అలాగే బాబూ, అలాగే" అంటూ విని ఫోన్ నాకిచ్చేసింది.

"రాను" అంది సిస్టర్‌తో.

"మాటిచ్చావనా?"

"మాటొక్కటే కాదు. మనం కొందామనుకున్నది మనిద్దరి ఇల్లు. అందులో ఆ అబ్బాయి సరేనంటే నానుండాల. రేపు కాదంటే లేసిపోవాల. మీ నాన్న పోనాక మీకు జరిగిందదే కదా? ఆ బతుకొద్దనే కదా నువ్వు ఇల్లు కొంటానన్నావు? నీకైనా అది తప్పింది. నాకది సాలు."

ఆరింటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ముగ్గురం ఆ గదిలోనే పడుకున్నాం. కిటికీ తెరిచే ఉంది. ఎవరూ మూయమనలేదు.

డిసెంబరులో చిన్నమ్మలు సాలూరు వచ్చి రెండు రోజులు ఉంది. ఉండిపోవడానికి కాదు, చూడడానికి అని ముందే చెప్పింది. నేను వెళ్ళేసరికి హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగ. సిస్టర్ కూర చేస్తోంది. ఆమెకి వంట సరిగ్గా రాదు. కూర అడుగంటుతున్న వాసన వస్తున్నా చిన్నమ్మలు లేవలేదు. చివరికి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "నాను రానా లోనికి?" అని అడిగింది. సిస్టర్ గరిటె వదిలేసి గోడ వైపు తిరిగిపోయింది. చిన్నమ్మలు లోపలికి వెళ్ళి, ఉప్పు ఎక్కడుందని అడిగి, కూర సరిచేసింది.

వెళ్ళేటప్పుడు అరుగు మీద కొంచెంసేపు కూర్చుంది. ఇంట్లో వాడని మంచం, నతానియేల్ వాళ్ళ పాత సైకిలు అక్కడ పెట్టి ఉన్నాయి. షెడ్లకి మనుషులు పనికి వెళ్తుంటే చూసింది. "బానే నడుస్తారు ఈ దారిని" అని మాత్రం అంది.

బయానాలో ఆమె పెట్టిన డబ్బు సిస్టర్ కవరులో పెట్టి రెండుసార్లు ఇవ్వబోయింది. రెండుసార్లూ తీసుకోలేదు.

ఇప్పుడు సిస్టర్ రెండు నెలలకోసారి సెలవులన్నీ కూడబెట్టుకుని సీలేరు వెళ్ళొస్తుంది. ఆ రోజుల్లో ఇల్లు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి నాకిచ్చి వెళ్తుంది, నీళ్ళు వచ్చే రోజు పట్టి పెట్టమని. బ్యాంకు అప్పు తీరడానికి ఇంకా పదేళ్ళ దాకా ఉంది. నతానియేల్ పండక్కి పిల్లల్ని తీసుకుని వస్తాడు, అక్క ఎదురుగా ఎక్కువసేపు కూర్చోలేడు.

మొన్న సీలేరు నుంచి వచ్చాక అడిగాను, ఎలా ఉందని.

"మోకాళ్ళు వాచిపోయాయి. రోజంతా నిలబడే పని కదా. రాత్రి తైలం రాశాను. వద్దు వద్దంటూనే నిద్రపోయింది" అంది. చేతిలో సంచీ అలాగే పట్టుకుని ఉంది. కింద పెట్టాలని తోచలేదేమో. "ఈసారి నాలుగు రోజులు సెలవు అడుగుతాను సిల్వియా. నా డ్యూటీ నువ్వు చూస్తావా?"

చూస్తానన్నాను.